వాంతి కాదు, వెయిటర్
మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ బృందం తీసిన 'ది మీనింగ్ ఆఫ్ లైఫ్' (1983) సినిమాలో, రెస్టారెంట్‌కి వచ్చి కక్కుతూనే తెగ తినే భారీకాయుడు మిస్టర్ క్రియోసోట్ సీన్ కేవలం కక్కుతో నవ్వించే చవకబారు కామెడీ అని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో కొట్టిపారేశారు, నేను మాత్రం ఒప్పుకోను. అసహ్యం మాట నిజమే, మొదటిసారి చూసినప్పుడు నేనూ సగంలో మొహం తిప్పుకున్నా.

కానీ కాస్త గమనించండి, అక్కడ నవ్వు పుట్టేది క్రియోసోట్‌గా వేసిన టెర్రీ జోన్స్ బకెట్లో కక్కడం వల్ల కాదు, పక్కన జాన్ క్లీజ్ వెయిటర్‌గా ఏమీ జరగనట్టు వినయంగా నిలబడి మెనూ వివరిస్తూ ఉండటం వల్ల. నేల తుడవడానికి వంగిన పనిమనిషి వీపు మీద కూడా కక్కేస్తాడు మహానుభావుడు, అయినా సర్వీసు మర్యాదలో తేడా రాదు! చివర్లో ఇక ఒక్క మెతుకు కూడా పట్టదని అతను మొత్తుకుంటున్నా, ఈ పల్చటి పుదీనా బిళ్ళ ఒక్కటే కదా సార్ అని బతిమాలి నోట్లో పెట్టి, వెయిటర్ పరిగెత్తి దాక్కుంటాడు చూడండి, నాకు అసలు పంచ్ అదే. ఆ తర్వాత పొట్ట పేలడం మనం ఊహించేదే. పక్కటెముకల మధ్య గుండె ఇంకా కొట్టుకుంటుంటే మళ్ళీ అంతే మర్యాదగా బిల్లు తెచ్చివ్వడం మాత్రం ఎవరూ ఊహించరు.

అన్నట్టు, ఈ 'చవకబారు' సినిమాకి ఆ ఏడాది ఫ్రాన్స్‌లో జరిగే కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ అనే పెద్ద అవార్డు ఇచ్చారు. భోజనం చేస్తూ మాత్రం చూడకండి, నేను చేసిన తప్పు అదే.