మెడ తిప్పడానికి ఎంత ఖర్చు పెట్టాలి?

రేణిగుంటలో 26వ నంబరు రన్‌వే మీద నుంచి సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానాన్ని పైకి లేపి, ఎడమకి ఒకసారి, మళ్లీ ఎడమకే ఇంకోసారి తిప్పితే విమానం ముక్కు తూర్పుకి వస్తుంది. రన్‌వే మన ఎడమ చేతి వైపు, దాని వెనకాల తిరుమల కొండలు. దీన్ని డౌన్‌విండ్ అంటారు. ఇక్కడి నుంచి దిగడానికి ఎప్పుడు మలుపు తీసుకోవాలో ముందున్న ఏ మీటరూ చెప్పదు. రన్‌వే అంచు మన ఎడమ భుజానికి వెనగ్గా, సుమారు 45 డిగ్రీల కోణంలోకి జారిందా లేదా అని తల తిప్పి చూసుకుని, జారితే తిప్పాలి, అంతే.

మా అక్క కొడుకు ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ మీద రోజూ తప్పేది సరిగ్గా ఇక్కడే. మానిటర్ ఎదురుగా ఉంది, రన్‌వే ఏమో వెనకాల ఉంది. జాయ్‌స్టిక్ మీద చూపు తిప్పడానికుండే బుల్లి మీట, హ్యాట్ స్విచ్, నొక్కితే కెమెరా టక్కున వెనక్కి తిరుగుతుంది, వదిలితే ముందుకొస్తుంది, ఈ రెండింటి మధ్యలో వాడి సెస్నా రెండు వందల అడుగులు జారిపోయి ఉంటుంది. వాడు వచ్చే ఏడాది ఫ్లైయింగ్ స్కూల్లో చేరతానంటున్నాడు. ఒంగోలు నుంచి మా బావ ఫోన్ చేసి అడిగింది ఒక్కటే మాట: "ఏరా, కళ్లకి తగిలించుకునే ఆ డబ్బా కొనిస్తే వీడికి పని వస్తదా, లేకపోతే డబ్బులు దండగేనా?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబే. బావకి ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు మా ఊరి సంగతి ఒకటి. నెల్లూరుకి విమానాశ్రయం అని దగదర్తి దగ్గర 2019లో శంకుస్థాపన చేశారు. విమానం మాత్రం ఇంకా దిగలేదు. అందుకని సిమ్యులేటర్‌లో కూడా మా జిల్లా పిల్లలు రేణిగుంటకో చెన్నై మీనంబాక్కానికో పోవాల్సిందే, ఒంగోలు వాళ్లయితే గన్నవరానికి. ఇంటి మీద నుంచి ఎగురుకుంటూ పోవాలనే కోరిక మాత్రం అందరికీ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 ఆగస్టులో వచ్చాక, శాటిలైట్ ఫొటోల మీద పరిచిన నేల మీద పెన్నా ఇసుక, చీమకుర్తి క్వారీ గుంతలు, సోమశిల నీళ్లు వెతుక్కుంటూ ఎన్ని రాత్రులు కూర్చున్నామో లెక్క లేదు. అదే ఏడాది డిసెంబర్లో దానికి వీఆర్ సపోర్ట్ ఇచ్చారు, అంటే బావ అడిగిన ఆ డబ్బా, హెడ్‌సెట్, కళ్లకి తగిలించుకుని కాక్‌పిట్‌లోనే కూర్చున్నట్టు చూసే ఏర్పాటు. ఎక్స్-ప్లేన్ 11 అనే ఇంకో సిమ్యులేటర్‌కి అంతకు రెండేళ్ల ముందే, 2018లో, వచ్చింది. అప్పట్నుంచి మొదలైంది ఈ గొడవ: హెడ్‌సెట్ గొప్పదా, హెడ్ ట్రాకింగ్ చాలా?

హెడ్ ట్రాకింగ్ అంటే ఏమిటో తెలియని వాళ్లకి. మానిటర్ మీద ఒక కెమెరా ఉంటుంది, అది మన తల ఎటు తిరిగింది, ఎంత వంగింది, ముందుకొచ్చిందా వెనక్కి పోయిందా అని కనిపెట్టి, కాక్‌పిట్‌లోని చూపుని అటే తిప్పుతుంది. ట్రాక్‌ఐఆర్ అని దీనికి పాత పేరున్న వస్తువు ఒకటి ఉంది, టోపీకి క్లిప్పు పెట్టుకుంటే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చూసుకుంటుంది. డబ్బులు పెట్టలేని వాళ్లకి ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మామూలు వెబ్‌క్యామ్‌తో మన మొహాన్నే చూసి పని నడిపిస్తుంది. ఇంకా చేతిపని మీద ఇష్టం ఉన్నవాళ్లు మూడు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు హెడ్‌ఫోన్‌కి అతికించి, పాత వెబ్‌క్యామ్ లోపలున్న ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ పీకేసి, దాని ముందు కలర్ నెగటివ్ చివర నల్లగా మిగిలే ముక్కని పెడతారు. ఆ నల్ల ఫిల్మ్ మామూలు వెలుతురుని ఆపేసి ఇన్‌ఫ్రారెడ్‌ని మాత్రం లోపలికి వదులుతుంది. నేను మొదట చేసుకుంది అదే. పెళ్లి ఫొటోల నెగటివ్‌లు ఇంకా దాచిపెట్టిన ఫొటో స్టూడియో ఒకటి ట్రంకు రోడ్డు పక్క సందులో దొరికింది, ఆయన ఆ ముక్కలకి డబ్బులు కూడా తీసుకోలేదు, ఎందుకో చెప్తే మాత్రం నమ్మలేదు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. దీన్ని అమ్మేవాళ్లూ, పొగిడేవాళ్లూ కూడా దాని గురించి ఎక్కువ మాట్లాడరు. తల తిప్పినా కళ్లు మానిటర్ మీదే ఉండాలి కదా. అందుకని మనం తలని పదిహేను, ఇరవై డిగ్రీలు తిప్పితే సాఫ్ట్‌వేర్ దాన్ని హెచ్చించి వంద డిగ్రీలు చూపిస్తుంది. అంటే తల ఎడమకి, కళ్లు కుడికి. వారం రోజుల్లో ఇది ఎంత అలవాటైపోతుందంటే, బస్సులో వెనక సీటువాడిని చూడ్డానికి కూడా తల కొంచెం ఆడించి ఆగిపోతాం, ఇంకా తిరగలేదేమిటా అని. నేను కొంచెం ఎక్కువ చేసి చెప్తున్నా గానీ మరీ అబద్ధం కాదు. నిజం విమానంలో మెడ నిజంగానే తిప్పాలి, భుజం కూడా తిప్పాలి, అప్పుడు చేయి తెలియకుండా యోక్‌ని, అంటే విమానం స్టీరింగ్‌ని, లాగుతుంది, విమానం అటు ఒరుగుతుంది. కొత్త పైలట్లు చేసే తప్పు ఇదే. హెడ్ ట్రాకింగ్‌లో ఆ తప్పు చేసే అవకాశమే రాదు, కాబట్టి దాన్ని దిద్దుకునే అవకాశమూ రాదు.

హెడ్‌సెట్‌లో అది వస్తుంది. మెడ ఎంత తిప్పితే చూపు అంతే తిరుగుతుంది. మా పెద్దమ్మ కొడుకు డల్లాస్ నుంచి వస్తూ బ్యాగులో మెటా క్వెస్ట్ 3 తెచ్చాడు, నేను మొదటిసారి దాంతో డౌన్‌విండ్‌లో ఎడమకి తిరిగి చూసినప్పుడు చేసిన పని, విమానాన్ని ఎడమకి వాలుస్తూ పోవడం. నాలుగేళ్లుగా సిమ్యులేటర్ మీద కూర్చున్నవాడిని. సిగ్గేసింది, కానీ ఆ ఒక్క గంటలో నేర్చుకున్నది ఆ నాలుగేళ్లలో నేర్చుకోలేదు.

ఇక్కడ చాలామంది చెప్పే కారణం ఒకటి నాకు పూర్తిగా నచ్చదు. "వీఆర్‌లో లోతు కనిపిస్తుంది, అందుకే ల్యాండింగ్ సులువు" అంటారు. రెండు కళ్ల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల చిల్లర. ఆ తేడాతో మనకి లోతు బాగా తెలిసేది చేతికందే స్విచ్చులకి, రెక్క చివరకి, గదిలో ఉన్న వస్తువులకి. అర కిలోమీటరు అవతలున్న రన్‌వేకి రెండు కళ్లున్నా ఒక కన్నున్నా పెద్ద తేడా రాదు. దిగేటప్పుడు మనం నిజంగా చదివేది రన్‌వే ఆకారాన్ని, అది ఎంత వెడల్పుగా, ఎంత ఏటవాలుగా కనిపిస్తోంది, కిందకొచ్చేకొద్దీ పక్కల నేల ఎంత వేగంగా వెనక్కి పోతోంది అని. మానిటర్‌లో ఎక్కువ కాక్‌పిట్ పట్టాలని చూపుని వెడల్పు చేసి పెట్టుకుంటాం, దాంతో రన్‌వే ఉన్నదానికంటే చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. హెడ్‌సెట్‌లో వస్తువు అసలు ఎంత ఉందో అంతే. గొప్పతనం ఆ కొలతలో ఉంది, లోతులో కాదు.

ఈ కొలత ఎంత ముఖ్యమో తెలుసుకోవాలంటే మన దగ్గరే ఒక చోటుంది. జిల్లాలు విడదీయకముందు ప్రకాశం జిల్లాలోనే ఉన్న కొరిశపాడు దగ్గర, పదహారో నంబరు జాతీయ రహదారి మీద, యుద్ధ విమానాలు అత్యవసరంగా దిగడానికి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పట్టీ కట్టారు. 2022 డిసెంబర్‌లో వైమానిక దళం వాళ్లు చక్రాలు ఆనించకుండా దాని మీద నుంచి ఎగిరి చూశారు, 2024 మార్చిలో ఏఎన్-32, డోర్నియర్ నిజంగానే దిగి మళ్లీ లేచాయి. దాని వెడల్పు 33 మీటర్లు. మామూలుగా పెద్ద విమానాశ్రయాల్లో రన్‌వే 45 మీటర్లు ఉంటుంది. సన్నటి రన్‌వే మీదకి వస్తుంటే ఇంకా చాలా ఎత్తులో ఉన్నామని కన్ను మోసం చేస్తుంది, పైలట్ అవసరం కంటే కిందకి దిగిపోతాడు. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉన్న భ్రమే. సిమ్యులేటర్‌లో ఆ హైవే మీద సెస్నాని దించి చూడండి. మానిటర్ మీద నాకు ఆ భ్రమ ఎప్పుడూ కలగలేదు, అక్కడ అన్నీ ఒకేలా అబద్ధంగా ఉంటాయి కాబట్టి. హెడ్‌సెట్ పెట్టుకుని వస్తే మూడుసార్లలో రెండుసార్లు కిందకి జారాను. మోసపోవాల్సిన చోట మోసపోయాను, సిమ్యులేటర్ ఆ పని చేయగలిగిందంటే దానికి మార్కులు వేయాల్సిందే.

ఇంత పొగిడాక కొనేయమంటాననుకుంటారేమో. ఆగండి.

క్వెస్ట్ 3 లాంటి హెడ్‌సెట్‌లో ఒక డిగ్రీకి పాతిక చుక్కలు మించి రావడం లేదు, మన కన్ను అరవై దాకా చూడగలదు. అంటే ఎయిర్‌బస్ తెరల మీద సన్న అక్షరాలు చదవాలంటే ముందుకి వంగి ముక్కు ఆనించాలి. రెండు కళ్లకి రెండు బొమ్మలు, సెకనుకి డెబ్బై నుంచి తొంభై సార్లు గీయాలి కాబట్టి కంప్యూటర్‌కి ఊపిరాడదు, హెడ్‌సెట్ ధర ఒక ఎత్తు, దాన్ని లాగే గ్రాఫిక్స్ కార్డు ధర ఇంకో ఎత్తు. ఫ్రేమ్‌లు తడబడితే కడుపులో తిప్పుతుంది. కళ్లు కదులుతున్నామంటాయి, లోపలి చెవి కూర్చునే ఉన్నామంటుంది, ఆ తగాదా కడుపు మీదకొస్తుంది. మొదట్లో పది నిమిషాలకి మించి పోకండి, తిప్పడం మొదలైన వెంటనే తీసేయండి, పట్టుబట్టి కూర్చుంటే తర్వాత హెడ్‌సెట్‌ని చూస్తేనే వికారం వస్తుంది. మొహానికి ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టుకుంటే చాలా మేలు. మా అమ్మ ఇచ్చిన అల్లం మురబ్బా కూడా పనిచేసిందనే చెప్పాలి.

రోహిణి కార్తెలో నెల్లూరులో మేడ మీద గదిలో మొహానికి స్పాంజి పట్టీ బిగించుకుని కూర్చోవడం గురించి ఏ రివ్యూలోనూ రాయరు. అద్దాలు మసకబారతాయి, చెమట కళ్లలోకి కారుతుంది, కంప్యూటర్ వెనక నుంచి వేడి గాలి వేరే. సరిగ్గా ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగుతూ ఉన్నప్పుడు కరెంటు పోతే చీకట్లో ఎటు తిరిగి ఉన్నామో కూడా తెలియదు.

ఇంకొకటి, ఈ వస్తువులకి ఆయుష్షు మన చేతిలో లేదు. విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ మీద నడిచే హెచ్‌పీ రివర్బ్ జీ2ని ఒకప్పుడు సిమ్యులేటర్ వాళ్లంతా నెత్తిన పెట్టుకున్నారు. మైక్రోసాఫ్ట్ 2024లో విండోస్ 11 అప్‌డేట్‌తో ఆ సదుపాయాన్నే తీసేసింది. నా నెగటివ్ ముక్క కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది.

చేతులు కనిపించకపోవడం మీద కూడా చాలా ఏడుస్తారు గానీ, అది నాకు లోపంలా అనిపించదు. కళ్లు మూసుకుని కాక్‌పిట్‌లో ఏ స్విచ్ ఎక్కడుందో తడిమి చెప్పడం నిజం పైలట్లకీ ఒక పరీక్షే. ఎటొచ్చీ మౌస్ వెతుక్కోవడం, చార్టు చూడాలంటే ముక్కు కింద సందులోంచి తొంగిచూడడం మాత్రం చిరాకే. పొడుగు ప్రయాణాలు, ఐఎఫ్ఆర్ (బయటికి చూడకుండా మీటర్ల మీద ఎగరడం), ఎయిర్‌బస్‌లు ఎగరేసేవాళ్లకి మానిటర్, హెడ్ ట్రాకింగ్ చాలు, హాయి. హెలికాప్టర్, సర్క్యూట్‌లు (రన్‌వే చుట్టూ తిరిగి మళ్లీ మళ్లీ దిగడం), డీసీఎస్ అనే యుద్ధ విమానాల సిమ్యులేటర్‌లో పక్క విమానం వెనక పడటం, ఇవయితే హెడ్‌సెట్.

"ఇది ఆట కదా, చదువుకేం పనికొస్తుంది" అనేవాళ్లకి: యూరప్ విమానయాన నియంత్రణ సంస్థ ఈఏఎస్ఏ 2021లోనే రాబిన్సన్ ఆర్22 హెలికాప్టర్‌కి వీఆర్ మీద నడిచే శిక్షణ యంత్రాన్ని ఆమోదించింది, అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2024లో ఎయిర్‌బస్ హెచ్125 హెలికాప్టర్‌కి అలాంటి యంత్రాన్నే. అమెరికా వైమానిక దళం 2018 నుంచి కొత్త పైలట్ల శిక్షణలో హెడ్‌సెట్లు వాడి చూసింది. అయితే ఆ ఆమోదం పొందినది బల్ల మీద డబ్బా కాదు, కింద కదిలే వేదిక, నిజమైన కంట్రోళ్లు, చేతులు ఎక్కడున్నాయో పట్టుకుని లోపల చూపించే ఏర్పాటు అన్నీ ఉన్న యంత్రం. మన దగ్గర కమర్షియల్ లైసెన్సుకి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేది 200 గంటలు, ఇంట్లో ఎగరేసిన గంట ఒక్కటి కూడా ఆ లాగ్‌బుక్‌లోకి ఎక్కదు. ఇది పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాల్సిన మాట. సిమ్యులేటర్ మీద పెరిగిన పిల్లలు బయట చూడకుండా మీటర్లకే అతుక్కుపోతారని ఇన్‌స్ట్రక్టర్లు ఎప్పుడూ తిట్టేదే. ఆ జబ్బుకి మందు తల తిప్పే అలవాటు. అందుకే వాడు సర్క్యూట్‌లు కొట్టేటప్పుడు సగం మీటర్ల మీద అట్టముక్క పెట్టమంటాను.

బావకి చివరికి చెప్పింది ఇదీ. ఇప్పుడు వెబ్‌క్యామ్, ఓపెన్‌ట్రాక్, ఖర్చు వెయ్యి రెండు వేలు. దసరాకి రడ్డర్ పెడల్స్, ఎందుకంటే కాళ్లతో ఎగరడం రానివాడికి కళ్లకి ఏం పెట్టినా లాభం లేదు. హెడ్‌సెట్ కొనొద్దు, నా దగ్గరున్నది ఆదివారం ఆదివారం వచ్చి అరగంట సర్క్యూట్‌లకి వాడుకోమను, బస్సు చార్జీ నేనిస్తా.

మొన్న ఆదివారం వచ్చాడు. హెడ్‌సెట్ పెట్టి రేణిగుంట 26 మీద వదిలాను. డౌన్‌విండ్‌లో తల తిప్పాడు, తిప్పినవాడు తిప్పినట్టే ఉండిపోయాడు.

"ఏరా, రన్‌వే కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది మామా. కొండలు చూస్తూ మలుపు దాటిపోయా."