జింక పూచీకత్తు

అమెరికా మన కుర్రాళ్లను నమ్మదని వాపోయేవాళ్లు అక్కడి చట్టాన్ని చివరిదాకా చదవలేదని నా అనుమానం. ఎఫ్-1 వీసా మీద ఎంఎస్‌కు వెళ్లిన అబ్బాయిని సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వరు, నిజమే. అనుమతి లేకుండా బయట హోటల్లో దోసె వేసినా వీసా నిబంధన మీరినట్టే. అంత అనుమానపు చట్టం తుపాకీ దగ్గరకొచ్చేసరికి ఎంత మెత్తబడిందో చూడండి.

తాత్కాలిక వీసా మీద వచ్చినవాడు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. ఇది ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించేది. అయితే అక్కడి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు, గడువు తీరనిది, చేతిలో ఉంటే ఈ నిషేధం వర్తించదు. జీఆర్‌ఈ స్కోరు, బ్యాంకు బ్యాలెన్సు, మేనమామ అఫిడవిట్ కలిసి సంపాదించలేని నమ్మకాన్ని ఒక్క జింక సంపాదించి పెడుతుంది. దాన్ని వేటాడి తీరాలన్న షరతు కూడా లేదు. అమీర్‌పేట కన్సల్టెన్సీలు దీన్ని ఇంకా ప్యాకేజీలో ఎందుకు కలపలేదో!

తర్వాత తుపాకీ దుకాణంలో కొనేవాడు ఫారం 4473 నింపితే ఎఫ్‌బీఐ వివరాలు చూస్తుంది. మూడు పనిదినాల్లో ఏ సంగతీ తేల్చకపోతే దుకాణదారు తుపాకీ చేతిలో పెట్టేయొచ్చు. మన దగ్గర మౌనం అర్ధాంగీకారం, అక్కడ పూర్తి అంగీకారం. కాన్సులేట్‌లోనూ ఇదే పద్ధతి పెడితే వీసా స్లాట్ కోసం అర్ధరాత్రి జాగారాలు తప్పేవి. మన తహసీల్దారు ఆఫీసు సంగతి నేను ఎత్తను. మన దేశంలో అయితే 21 నిండాలి, పోలీసు విచారణ జరగాలి, ఎన్నికలొస్తే ఆ తుపాకీ స్టేషన్‌లో అప్పగించాల్సి రావచ్చు. ఇంత అపనమ్మకం మధ్య యువత ఎలా ఎదుగుతుంది?

అక్కడే పుట్టిన పిల్లలకు జింక పూచీ కూడా అక్కర్లేదు. దుకాణంలో రైఫిల్ కొనడానికి ఫెడరల్ చట్టం అడిగే వయసు 18. బీరుకు, సిగరెట్లకు మాత్రం 21, ఆరోగ్యం ముఖ్యం కదా. 2022 మేలో టెక్సాస్‌లోని యువాల్దేలో ఒకడు 18 నిండిన కొద్ది రోజులకే రెండు రైఫిళ్లు కొన్నాడు. పుట్టినరోజైన ఎనిమిదో రోజున బడిలో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లను చంపాడు. కొనుగోలు మాత్రం పూర్తిగా చట్టబద్ధం. ఆ తర్వాత 21 లోపువాళ్ల విషయంలో ఆ మూడు రోజుల గడువును, అవసరమైతే, పది పనిదినాల దాకా పొడిగించారు. మరీ తొందరపడ్డారనిపించింది.

ముహూర్తాల పట్టింపు మనకే ఉందనుకోకండి. 1966 ఆగస్టు 1న ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ టవర్ ఎక్కి ఒక విద్యార్థి కాల్పులు జరిపాడు. లైసెన్సున్నవాళ్లు క్యాంపస్ భవనాల్లోకి పిస్తోలు దాచి తీసుకెళ్లవచ్చన్న చట్టం అక్కడ అమల్లోకి వచ్చింది 2016 ఆగస్టు 1న. సరిగ్గా 50 ఏళ్లు. ఆ సిద్ధాంతి ఎవరో గానీ తిథి భలే కలిపాడు.

ఇక ఫీజుల కోసం రాత్రిపూట గ్యాస్ స్టేషన్ కౌంటర్లో నిలబడే మనవాళ్లు ఉన్నారు. వాళ్లకు తుపాకీ పరిచయం కావడానికి ఫారమూ వద్దు, మూడు రోజులూ వద్దు, అదే తలుపు తోసుకుని వస్తుంది. దోపిడీల్లో ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. "ఏం అడిగితే అది ఇచ్చెయ్ నాన్నా, ఎదురు మాట్లాడకు" అని ఖమ్మం నుంచో ఏలూరు నుంచో అమ్మ ఫోన్లో చెప్పేదే వాళ్లకు అందే ఆయుధ శిక్షణ. దానికి ఇంతవరకు సర్టిఫికెట్ కూడా ఇవ్వడం లేదు.