డిశ్చార్జి రోజునా మమ్మల్ని పిలిచేది?

పురుగుల మందు తాగి వచ్చిన మనిషిని ఐసీయూలో రోజుల తరబడి కష్టపడి బతికిస్తారు. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ డోసు, నాడి, కంటిపాప సైజు అన్నీ గంటగంటకూ రాస్తారు. మనసు సంగతి మాత్రం డిశ్చార్జి రోజు మధ్యాహ్నం గుర్తొస్తుంది! కింద ఆటో ఆగి ఉంటుంది, అప్పుడు కేస్ షీట్ మీద ‘సైకియాట్రీ ఒపీనియన్’ అని మానసిక వైద్యులమైన మాకు ఒక ముక్క.

పది నిమిషాల్లో ఏం మాట్లాడతాం? మంచం చుట్టూ అత్తామామలు, పక్క మంచం వాళ్లు. అడ్డంగా ఒక కర్టెన్ కూడా ఉండదు. ‘మళ్లీ చనిపోవాలనిపిస్తోందా’ అని అందరి ముందూ అడిగితే, ‘లేదండీ, దగ్గు మందనుకుని తాగాను’ అంటారు. అదే షీట్‌లోకి ఎక్కుతుంది.

పోలీసు కేసు భయం ఒకటి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వేరేలా రుజువైతే తప్ప, ఆత్మహత్యాయత్నం తీవ్రమైన ఒత్తిడిలో చేసిన పనే, శిక్షించకూడదు. ఈ మాట క్యాజువాలిటీలోనే ఎందుకు చెప్పరు?

తెలివొచ్చి మాట నిలకడైన రోజే పిలవండి. తలుపున్న గది, ముప్పావు గంట చాలు. ఇంట్లో మిగిలిన పురుగుల మందు డబ్బా ఎక్కడుంది, తాళంచెవి ఎవరి దగ్గరుండాలి, వారంలోపు మళ్లీ ఎప్పుడు రావాలి, రాత్రివేళ గుబులైతే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ ఎలా చేయాలి, ఇవన్నీ ఇంటివాళ్లతో కూర్చుని కాగితం మీద రాయాలి. కింద ఆటో హారన్ కొడుతుంటే ఒక్కటీ కాదు.