మౌనవ్రతంలో ఉన్న బయోస్ గారికి

గౌరవనీయులైన బయోస్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే అన్నిటికన్నా ముందు లేచి, విండోస్ లాంటివాటిని నిద్రలేపే ప్రోగ్రాం మీరు. మీరు ఉలకరు, పలకరు అని తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను. పోయిన నెలలో వరసగా మూడు సాయంత్రాలు మీ గుమ్మం ముందు నిలబడి వచ్చినవాణ్ణి. లోపలికి రమ్మనలేదు సరే, ‘ఎవరు బాబూ?’ అని కూడా అడగలేదు మీరు.

నేనెవరో చెప్పుకోవాలి కదా. తెనాలి వైపు ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. పుట్టుకతోనే చూపు లేదు. కంప్యూటర్‌తో మాత్రం పదిహేనేళ్ల స్నేహం. ప్రశ్నపత్రాలు టైపు చేస్తాను, మార్కులు ఎక్కిస్తాను, జీతం స్లిప్పులో కోతలు లెక్కపెట్టుకుని నిట్టూరుస్తాను. అంతా ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పుణ్యం. మైకేల్ కరన్ అనే చూపులేని ఆస్ట్రేలియా కుర్రాడు 2006లో మొదలుపెట్టి, లోకానికి ఊరికే ఇచ్చేసిన సాఫ్ట్‌వేర్ అది. తెర మీద ఏముంటే అది చెవిలో చెబుతుంది. కాకపోతే అది విండోస్ లేచాకే లేస్తుంది. మీరు అంతకన్నా ముందే లేస్తారు. ఇంటికి పెద్దమనిషిలాగా అందరికన్నా ముందు లేచి, తెర మీద ఏదో రాసి, రెండు సెకన్లలో చెరిపేసి వెళ్లిపోతారు. ఏం రాస్తారో ఈ పదిహేనేళ్లలో నాకు తెలీదు.

తెలియాల్సిన అవసరమూ రాలేదు, 2025 అక్టోబరు 14 దాకా. ఆ రోజుతో విండోస్ 10కి సపోర్టు ఆపేశారు. విండోస్ 11 వేసుకుందామంటే నా ప్రాసెసర్ ఏడో తరానిదట, ఎనిమిదో తరం నుంచే లోపలికి ప్రవేశమట. పెళ్లి సంబంధాల్లో ఏడు తరాలు చూడాలంటారని విన్నాను గానీ, లాప్‌టాప్‌కి కూడా చూస్తారని అప్పుడే తెలిసింది. కీబోర్డు బాగుంది, బ్యాటరీ బాగుంది, నా వేళ్లకి అలవాటైపోయింది. అమ్మడానికి మనసొప్పలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఫోన్లో, “మావయ్యా, డెబియన్ ఎక్కించుకో. అదీ విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే, లినక్స్ రకం. ఫ్రీ. పైగా ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే మాట్లాడుతుంది. నీకెవరి సాయమూ అక్కర్లేదు” అన్నాడు.

ఎవరి సాయమూ అక్కర్లేదు. ఈ ముక్క దగ్గరే నేను పడిపోయాను. వాడు మీ సంగతి మర్చిపోయాడు.

మీ వంశ చరిత్ర కొంచెం తిరగేశాను. బయోస్ అన్న పేరు మీకు 1975లో గ్యారీ కిల్డాల్ అనే అమెరికా ప్రోగ్రామర్ పెట్టిందట. ఇప్పుడు మీ అసలు పేరు యూఈఎఫ్ఐ. పేరు మార్చుకున్నా ఊళ్లోవాళ్లు పాత పేరుతోనే పిలుస్తారు, అది మీ తప్పు కాదు. ఈ యాభై ఏళ్లలో మీరు బాగానే ఎదిగారు. రంగులొచ్చాయి, కంపెనీ లోగో వచ్చింది, కొన్నిచోట్ల మౌస్ బాణం కూడా వచ్చిందట. ఆటల కంప్యూటర్లలో ఫ్యాన్లకి ఏ రంగు లైటు వెలగాలో కూడా మీ దగ్గరే ఎంచుకోవచ్చని మా స్టూడెంటు మురిసిపోతూ చెప్పాడు. ఆపరేటింగ్ సిస్టం రాకముందే ఇంటర్నెట్ కూడా పట్టుకోగలరట. ఒక్క గొంతు మాత్రం రాలేదు. ఫ్యాన్‌కి లైటింగు ముఖ్యం మరి.

పూర్తిగా మూగ అంటే మళ్లీ అబద్ధం అవుతుంది. ర్యామ్ చెడిపోతే కీచుకీచుమంటారు. గ్రాఫిక్స్ కార్డు పాడైతే ఇంకో లెక్కన కీచుమంటారు. అంటే ఒంట్లో బాగాలేనప్పుడు మాత్రమే నోరు తెరిచే రకం. మా పెదనాన్న అచ్చం ఇలాగే ఉండేవాడు.

సరే, ఆ మూడు సాయంత్రాల సంగతి.

మొదటి సాయంత్రం. పెన్‌డ్రైవ్‌లో డెబియన్ 13 ఎక్కించాను. అది విండోస్‌లో చేసే పని కాబట్టి ఎన్‌వీడీఏ దగ్గరుండి చేయించింది. ఇక పెన్‌డ్రైవ్‌తో మొదలవ్వాలని మీకు చెప్పాలి. చెప్పాలంటే పవర్ బటన్ నొక్కిన వెంటనే ఎఫ్12 నొక్కాలి. నా లాప్‌టాప్‌లో ఎఫ్ కీలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, మధ్యలో ఖాళీ లేదు. మా ఆవిడని అడిగి ఒక బొట్టుబిళ్ళ తీసుకుని ఎఫ్12 మీద అంటించాను. చమ్కీ ఉన్నది ఇచ్చింది, వేలికి గరుకుగా బాగా తగులుతోంది. బొట్టు పెట్టి మరీ పిలిచాను మిమ్మల్ని. టకటకటకా నొక్కాను. కాసేపటికి విండోస్ లాగిన్ చప్పుడు వచ్చింది. మళ్లీ ఆపి, మళ్లీ నొక్కాను. మళ్లీ విండోస్. అలా ఎనిమిదిసార్లు. ముందుగా నొక్కానో, ఆలస్యంగా నొక్కానో, అసలు ఎఫ్‌ఎన్ కీ కలిపి నొక్కాలో, ఏమీ తెలీదు. ‘కొంచెం తొందరపడ్డావోయ్’ అని మీరొక్క మాట అనుంటే సరిపోయేది.

లాప్‌టాప్ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. పేరెందుకులెండి. అరగంట సంగీతం వినిపించాక ఒకబ్బాయి వచ్చాడు. నాకు చూపు లేదని చెప్పాను. “సారీ సార్, అర్థమైంది సార్” అని, “ఇప్పుడు స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది సార్?” అన్నాడు.

రెండో సాయంత్రం కళ్లు అప్పు తెచ్చుకున్నాను. అప్పిచ్చింది మా ఆవిడ. తను రోజూ పేపరు చదువుతుంది, తెలుగు పేపరు. మీదేమో ఇంగ్లీషు, అదీ మామూలు ఇంగ్లీషు కాదు.

“ఏవండీ, పైన నీలం గీత ఉంది. దాంట్లో ఎస్, ఇ, సి, యు...”

“సెక్యూర్ బూటా?”

“ఉండండి, అక్షరాలు చెబుతున్నాగా. ఇంకో పక్కన ఎల్, ఇ, జి, ఎ, సి, వై. డిసేబుల్డు అంట.”

“పెన్‌డ్రైవ్ పేరు కనబడుతోందా?”

“పెన్‌డ్రైవ్ అని ఎక్కడా రాయలేదండీ. కుక్కర్ మూడు విజిల్స్ అయింది, ఆపేసొస్తా.”

తను వెళ్లొచ్చేలోపు నా చెయ్యి దేనికో తగిలింది. తను వచ్చి, “ఏదో సేవ్ చెయ్యమంటోంది, ఎస్సా, నో నా?” అంది. ఏం సేవ్ చెయ్యాలట అని అడిగాను. “అది మాత్రం చెప్పట్లేదు” అంది. చూపున్నవాళ్లకి కూడా మీరు పూర్తిగా చెప్పరని ఆ రోజు తెలిసి, చిన్న ఊరట కలిగింది.

చివరికి మేనల్లుడికి వీడియో కాల్. “మావయ్యా, ఫోన్ కొంచెం పైకెత్తు. అంత కాదు, ఫ్యాన్ కనబడుతోంది. కిందకి. ఇంకా కిందకి. ఇప్పుడు నీ బనీను కనబడుతోంది.” పావుగంట కుస్తీ అయ్యాక తెర దొరికింది వాడికి. తేలిందేమిటంటే, ఎఫ్12 నొక్కాక వచ్చే పట్టీలో నా పెన్‌డ్రైవ్ మూడోది. అంటే కింది బాణం రెండుసార్లు, తర్వాత ఎంటర్. ఇంతే! దీనికోసం ముగ్గురం, రెండు ఊళ్లు, ఒక కుక్కర్ పప్పు మాడు.

మూడో సాయంత్రం ఎవరినీ పిలవలేదు. బొట్టుబిళ్ళ మీద వేలు, టకటకటకా, ఆగి, బాణం, బాణం, ఎంటర్. ఇక్కడి నుంచి మీ సరిహద్దు దాటినట్టే. అసలు డెబియన్‌వాళ్లు ఆ సరిహద్దు దగ్గర కూడా ఏర్పాటు చేశారు. వాళ్ల మెనూ సిద్ధంగా ఉందని తెలియడానికి ఒక బీప్ వినిపిస్తుంది, యూఈఎఫ్ఐ అయితే రెండు బీప్‌లు. అది విని ‘ఎస్’ నొక్కి ఎంటర్ కొడితే మాట్లాడే ఇన్‌స్టాలర్ మొదలవుతుంది. బీప్ వినిపించే బుల్లి స్పీకర్ నా లాప్‌టాప్‌లో ఉంటే కదా! అందుకని టైము పద్యంతో కొలిచాను. కందం చదివితే చాలలేదు. సీసం, ఎత్తుగీతితో సహా చదివితే సరిగ్గా సరిపోయింది. ఛందస్సు దేనికి పనికొస్తుంది సార్ అని అడిగే పిల్లలకి ఇప్పుడు నా దగ్గర సమాధానం ఉంది.

‘ఎస్’. ఎంటర్. నిశ్శబ్దం. గోడగడియారం చప్పుడు. లాప్‌టాప్ ఫ్యాన్ కొంచెం ఊపందుకుంది. అప్పుడు ఒక గొంతు వచ్చింది. రేకుడబ్బాలో కూర్చుని జలుబుతో మాట్లాడుతున్నట్టుంటుంది, రాతని మాటగా పలికే ఆ ఈస్పీక్ అనే సాఫ్ట్‌వేర్ గొంతు. అంత తియ్యటి గొంతు నేను ఈమధ్య వినలేదు బయోస్ గారూ. ఈ సౌండ్ కార్డు కావాలంటే ఎంటర్ నొక్కండి అంది. మర్యాద చూశారా? కంప్యూటర్లో సౌండ్ కార్డులు ఒకటి కన్నా ఎక్కువ ఉండొచ్చు, ఒకటి టీవీ తీగకి పోయేది కావచ్చు, ఏది నాకు వినిపిస్తుందో దానికి తెలీదు. కాబట్టి ఒక్కొక్క దాంట్లోంచీ పలికి, వినబడిన చోట నన్ను ఎంటర్ కొట్టమంటుంది. తనకి తెలియనిది నన్ను అడిగింది. మీకిది కొత్తగా ఉండొచ్చు.

ఆపైన ప్రతి ప్రశ్నా అంకెలతోనే. భాషల పట్టీ మొత్తం చదివింది, ఓపిగ్గా విన్నాను. దేశం, కీబోర్డు, పాస్‌వర్డు. డిస్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెమటలు పట్టాయి. పట్టీలో నా హార్డ్ డిస్కూ ఉంది, పెన్‌డ్రైవూ ఉంది. కంటికైతే ఒక చూపులో తేడా తెలుస్తుందేమో, చెవికి అలా కాదు. సైజు అంకెలు రెండుసార్లు చదివించుకుని, ఏది పెద్దదో తేల్చుకుని, అప్పుడు నంబరు కొట్టాను. చివర్లో, డిస్కు మీద రాసెయ్యమంటారా అని అడిగింది. ఊరికే ఎంటర్ కొడితే ‘వద్దు’ కింద లెక్క. కావాలనే మనం ‘అవును’ నంబరు కొట్టాలి. గంటన్నర తర్వాత పెన్‌డ్రైవ్ పీకి రీస్టార్ట్ చేస్తే, లాగిన్ దగ్గరే మాట్లాడుతూ లేచింది. మాటతో ఇన్‌స్టాల్ చేశాను కాబట్టి మాట నాతో ఉండాలని దానికి తెలుసు.

తర్వాత దానికి తెలుగు గొంతు పెట్టాను. అమెరికాలో పుట్టిన మనవడు సంక్రాంతికి వచ్చి తాతయ్యకి పేపరు చదివిపెట్టినట్టుంది. ఒత్తులు అటూ ఇటూ అవుతాయి. పర్లేదు, చదువుతున్నాడు కదా.

ఇదంతా చేసినవాళ్లు మీలాంటి పెద్ద కంపెనీల బిడ్డలు కారు. లినక్స్‌ని బ్రెయిలీ పలకకి కలిపే బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం 1995లో మొదలైంది. డెబియన్ ఇన్‌స్టాలర్‌కి నోరు రావడం వెనక సామ్యూల్ తిబో అనే ఫ్రెంచాయన ఏళ్ల తరబడి పనిచేశాడు. జర్మనీలో క్లౌస్ క్నాపర్ అనే ఆయన భార్య ఆడ్రియానెకి చూపు లేదు. ఆయన తన క్నాపిక్స్ అనే లినక్స్‌లో మాట్లాడే మెనూ తయారుచేసి దానికి ఆవిడ పేరే పెట్టాడు. మా ఆవిడకి ఈ సంగతి చెప్పాను. “నేను అక్షరాలు చదివిపెట్టాగా, దానికి నా పేరు పెట్టండి” అంది.

అంతా మీ తప్పే అని మాత్రం అనను. మా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇంట్లోనూ మడి ఎక్కువే. స్పీకప్ అనే స్క్రీన్ రీడర్‌ని 2010లో లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి రానిచ్చి, స్టేజింగ్ అనే వసారాలో కూర్చోబెట్టారు. నడింట్లోకి పిలిచింది 2020లో. ఇంకోటి విన్నారా? కొన్ని కొత్త లాప్‌టాప్‌ల్లో సౌండ్ చిప్ పలకాలంటే ఫర్మ్‌వేర్ అనే ముక్క విడిగా అందించాలి. అది డెబియన్ లెక్కలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి, వాళ్ల అధికారిక ఇన్‌స్టాలర్‌లో చాలాకాలం దానికి చోటు లేదు. మాట్లాడే ఇన్‌స్టాలర్ ఉంది, మాట బయటికొచ్చే దారి లేదు! 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి మడి సడలించారు. పదిమందీ కూర్చుని తగువులాడుకుని, ఓటేసి, మారారు. మీతో తగువు పెట్టుకుందామంటే మీ అడ్రసే దొరకదు. చిప్ కంపెనీ బోర్డు కంపెనీని చూపిస్తుంది, అది లాప్‌టాప్ కంపెనీని చూపిస్తుంది, అది అరగంట సంగీతం వినిపిస్తుంది.

మా దేశంలో వికలాంగుల హక్కుల చట్టం, 2016 అని ఒకటుంది. రోజువారీ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరికీ వాడుకోవడానికి వీలైన డిజైన్‌లో దొరికేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని 42వ సెక్షన్‌లో రాశారు. మీరు చదివి ఉండరు. చదివి వినిపిద్దామంటే మీకు చెవులూ లేవు, మైకు పనిచేసేది ఆపరేటింగ్ సిస్టం లేచాకేనాయె.

పెద్ద కోరికలు లేవు నాకు. పాటలు పాడక్కర్లేదు. పట్టీలో ఒక్కో మెట్టు దిగినప్పుడు ‘టిక్’ మంటే చాలు, లెక్కపెట్టుకుంటాను. సేవ్ చెయ్యాలా అన్నప్పుడు ఒకలాగా, పోతున్నానన్నప్పుడు ఇంకోలాగా మూలిగినా చాలు. రోగమొస్తే చేసే చప్పుడులో పదో వంతు ఆరోగ్యంగా ఉన్నప్పుడు చెయ్యమంటున్నాను, అంతే.

ఒక చిన్న మనవి కూడా ఉంది. రెండో సాయంత్రం నా చెయ్యి తగిలి ఏదో మారింది. అప్పటినుంచి సౌండ్ పెంచే కీ నొక్కితే పెరగట్లేదు, ఎఫ్‌ఎన్ కలిపి నొక్కితేనే పెరుగుతోంది. దాన్ని మార్చాలంటే మళ్లీ మీ దగ్గరికే రావాలట. బొట్టుబిళ్ళ ఇంకా అలాగే ఉంది. వచ్చే ఆదివారం, కుక్కర్ పెట్టని టైము చూసుకుని వస్తాం.

జవాబు ఇవ్వాలనిపిస్తే ఒక్క బీప్ చాలు. రెండు వచ్చాయంటే యూఈఎఫ్ఐ గారే స్వయంగా పలికారని మురిసిపోతాను.

ఇట్లు,
తెనాలి నుంచి, మీ గుమ్మంలో నిలబడ్డ తెలుగు మాష్టారు