డేర్, డీ, దస్ గార్లకు ఒక రిటైర్డు విద్యార్థి మనవి

మహారాజశ్రీ డేర్, డీ, దస్ గార్లకు,

విశాఖపట్నం, ద్వారకానగర్, మూడో అంతస్తు, సాయంత్రం ఆరున్నర బ్యాచి వెనక బెంచీ నుంచి రాసుకుంటున్నది.

జర్మన్ భాషలో ప్రతి నామవాచకం ముందూ కాపలా కూర్చుని, డేర్ అయితే మగ, డీ అయితే ఆడ, దస్ అయితే నపుంసకం అని లింగాలు పంచే మీకు ఇదేం న్యాయమండీ? చెంచా మగవాడట, ఫోర్కు ఆడదట, చాకు ఏదీ కాదట. ఒకే కంచం దగ్గర ఇన్ని తేడాలా! పోనీ, వాటి ఖర్మ. ఆడపిల్లని, అదే మీ 'మెట్షెన్'ని, తీసుకెళ్లి నపుంసకలింగంలో పడేశారే? ఈ మాటే క్లాసులో గట్టిగా అడిగాను. మేడమ్ నవ్వి, "మన తెలుగులో అమ్మ వచ్చింది, బస్సూ వచ్చింది. తేడా ఏదండీ?" అన్నారు. ఆ తర్వాత పది నిమిషాలు నోరెత్తలేదు.

మా బ్యాచిలో నైట్ డ్యూటీకి ముందు పరుగున వచ్చే నర్సమ్మ, కూతురు మ్యూనిక్‌లో ఉన్న రిటైర్డు టీచరు గారు, పెళ్లి మాటెత్తితే మాట మార్చేసే బ్యాంకు కుర్రాడు. ఎందుకు నేర్చుకుంటున్నారంటే అందరం వీసా అనే అంటాం. నా పాస్‌పోర్టు గడువు తీరి రెండేళ్లయింది, అది వేరే సంగతి.

మొదటి వారం ఎవరి గురించి వాళ్లు చెప్పుకోమన్నారు. పేరు, వయసు, ఊరు, ఉద్యోగం, హాబీ. మా ఆవిడ పోయి మూడేళ్లు. తెలుగులో ఆ మాట నేనెప్పుడూ పూర్తిచెయ్యలేదు, సగంలోనే ఎదుటివాళ్లు "అయ్యో" అని అందుకుంటారు. ఆ రోజు "ఇష్ బిన్ వెర్‌విట్వెట్" అన్నాను, భార్య పోయినవాణ్ణి అని. ఒక్కరూ అయ్యో అనలేదు. మేడమ్ మాత్రం "వెర్ కాదండీ, ఫెర్. మళ్లీ" అన్నారు. నాలుగుసార్లు అనిపించారు. నాలుగోసారికి కుదిరింది. టీచరు గారు చప్పట్లు కొట్టారు.

క్లాసయ్యాక ఆర్కే బీచిలో ముంత మసాలా. అక్కడ తెలుగు మాట్లాడినవాళ్లే డబ్బులివ్వాలి. రోజూ నేనే ఇస్తున్నాను. మీవల్లే! 'డేర్ జే' అంటే చెరువట, 'డీ జే' అంటే సముద్రమట. మా ఊళ్లో డీజే అంటే పెళ్లి ఊరేగింపు స్వామీ!

జర్మన్‌లో మొదటి మెట్టు అయిన ఏ1 పరీక్షలో నూటికి 60 వస్తే పాస్. మొన్న మాక్ టెస్టులో నర్సమ్మకి 81, ఆమె నిజంగానే వెళ్లిపోతుంది. టీచరు గారికి 57, నాకు 58. మా ఇద్దరి విషయంలో తమరు ఇంకొన్నాళ్లు ఇంతే కఠినంగా ఉండగలరు.

ఇట్లు,
బల్లకి 'డేర్' అని తెలిసే 'డీ' రాసిన
మీ విధేయుడు