మేడ మీద మెట్లు, వీధి గుమ్మానికి తాళం

పులస అనగానే మనకి గుర్తొచ్చేవి రెండే: పుస్తెలమ్మే సామెత, యానాం వేలంపాట. ఒక్క చేప 20 వేలు దాటి పలికిందంటే పత్రికలన్నీ ఫొటో వేస్తాయి, అందులో మేమూ ఉన్నాం. ఆ ఫొటోలో శన (గుడ్లున్న) పులస పొట్ట ఉబ్బి కనిపిస్తే, కొన్నవాడి అదృష్టం అనుకుంటామే గానీ, అది గుడ్లు పెట్టుకోడానికి పైకి పోతూ మధ్యదారిలో దొరికిపోయిందన్న సంగతి ఎవరికీ తట్టదు.

సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది విలస. గోదారికి ఎర్రనీరు రాగానే ఏటికి ఎదురీది, తీపినీళ్లు తాగి పులస అవుతుంది. ఆ ప్రయాణం ధవళేశ్వరం దగ్గర గోడకి కొట్టుకుంటోంది. కాటన్ దొరకి దండం పెట్టుకునే నేల ఇది, ఆనకట్ట లేకపోతే డెల్టాకి అన్నం లేదు, దాంతో మాకేం పేచీ లేదు. అయితే 1852 నాటి ఆనకట్ట మీంచి వరద పొర్లిపోయేది. దాని స్థానంలో 1982లో పూర్తయిన బ్యారేజీకి 175 గేట్లు. గేటుని కాస్త ఎత్తారంటే అడుగునుంచి నీళ్లు ఎంత ఉరవడిగా తన్నుకొస్తాయో గట్టు మీద నిలబడి చూసినవాళ్లకి తెలుసు, ఆ ధాటికి చేప ఎదురెళ్లలేదు. పెద్ద వరదకి గేట్లన్నీ పూర్తిగా లేపేసిన రోజుల్లో కొన్ని దాటితే దాటినట్టు, మిగతావి బ్యారేజీ కిందే తచ్చాడి వలలో పడతాయి.

ఇప్పుడు 40 కిలోమీటర్లు ఎగువన పోలవరం స్పిల్‌వేలో పులసల కోసమని ఫిష్ ల్యాడర్, అంటే చేపలు ఎక్కి దాటే మెట్లదారి కట్టారు. మంచి పనే, కాదనం. కానీ పులస అక్కడిదాకా వచ్చేదెలా? మేడ మీద మెట్లు కట్టి వీధి గుమ్మానికి తాళం వేసినట్టుంది.

ఇంకో చిక్కు, అన్ని చేపలూ ఒకేలా మెట్లెక్కవు. అమెరికాలో మొంటానా రాష్ట్రంలో బుల్ ట్రౌట్ అనే చేప గుడ్లు పెట్టే వాగులకి దారి ఇద్దామని థాంప్సన్ ఫాల్స్ డ్యామ్ దగ్గర 2011లో 48 తొట్లతో నిచ్చెన కట్టారు. వేరే చేపలు వేలల్లో ఎక్కాయి, బుల్ ట్రౌట్ మాత్రం ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. మన పులస షాడ్ జాతిది, ట్రౌట్‌లా ఎగిరి గెంతే రకమే కాదు. దాని చుట్టం అమెరికన్ షాడ్‌కి మసాచుసెట్స్‌లోని హోల్యోక్ డ్యామ్ దగ్గర 1955 నుంచి ఏకంగా లిఫ్టే నడుపుతున్నారు! తొట్టిలోకి ఈదుకొచ్చిన చేపల్ని నీళ్లతో సహా పైకి లేపి అవతల వదులుతారు, బాగా వచ్చిన ఏడాదిలో లక్షల కొద్దీ చేపలు అలా దాటతాయి. ధవళేశ్వరంలో లిఫ్టా అని నవ్వేవాళ్లు నవ్వొచ్చు, 20 వేలు పెట్టి చేప కొన్నప్పుడు రాని నవ్వు ఇప్పుడెందుకో మరి.

ఊరుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మెట్టూరు డ్యామ్ వచ్చాక కావేరిలో ఈ చేప పోయింది. 1975లో గంగ మీద ఫరక్కా బ్యారేజీ వచ్చాక అలహాబాద్ దాకా వెళ్లే ఇలిష్ (ఇదే చేపకి బెంగాలీ పేరు) ఏమైందో ఏ బెంగాలీని అడిగినా చెబుతారు. మనం ఇప్పటికే ఒడిశా విలసని పులసని చెప్పి అమ్మితే కొనుక్కుని, బెండకాయలేసి, మర్నాటికి పులుసు ఊరాక తిని మురిసిపోతున్నాం.

నీటిపారుదల శాఖ, మత్స్య శాఖ ఒకరి మీద ఒకరు తోసుకోకుండా కలిసి కూర్చోవాలి. వరద తగ్గుముఖం పట్టే రోజుల్లో ఒడ్డు పక్క గేట్లు కొన్ని పూర్తిగా ఎత్తి ఉంచడం కుదురుతుందేమో చూడాలి. బ్యారేజీ కింద ఆ కొద్ది దూరంలో ఆ కొన్ని వారాలు వల వెయ్యొద్దంటే మత్స్యకారులకి ఆ రోజుల కూలి ముందే చేతిలో పెట్టాలి, లేకపోతే ఆ మాట వినమనే హక్కు ఎవరికీ లేదు. వీటన్నిటికంటే ముందు ఈ ఎర్రనీటికే బ్యారేజీ నాలుగు ముక్కలుగా ఉన్న ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు చోట్లా గేట్ల కింద ఎన్ని పులసలు ఆగిపోతున్నాయో లెక్క తీయాలి. దానికి కోట్లక్కర్లేదు, నాలుగు పడవలు, లంకల్లో పుట్టి పెరిగిన పది మంది మత్స్యకారులు, రాసుకోడానికి ఒక పుస్తకం ఉంటే అయిపోతుంది.