వసూలుకు గడువు, చెల్లింపుకు టోకెనా?

చిన్న పరిశ్రమ సరఫరా చేసిన సరకుకు 45 రోజులు దాటకుండా సొమ్ము చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి (ఎంఎస్‌ఎంఈడీ) చట్టం చెబుతోంది. రాతపూర్వక ఒప్పందం లేకుంటే గడువు 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. చట్టం చేసిన ప్రభుత్వాల శాఖలే దాన్ని తుంగలో తొక్కుతున్నాయి.

జీడిమెట్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఓ షెడ్డు యజమాని జూన్ 5న ఒక శాఖకు 5 లక్షల రూపాయల విడిభాగాలు అప్పగించాడనుకుందాం. 18 శాతం జీఎస్టీ 90 వేలు. రాతపూర్వక ఒప్పందం ఉన్నా, 45 రోజుల చెల్లింపు గడువు జులై 20తో తీరిపోతుంది. నెలవారీ రిటర్న్ వేసేవారు ఆ జీఎస్టీ కట్టాల్సిన ఆఖరి తేదీ కూడా జులై 20! ముడిసరకు కొన్నప్పుడే కట్టిన పన్ను (ఇన్‌పుట్ క్రెడిట్) పోను మిగిలింది అప్పుచేసైనా కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. అదే రోజు శాఖను అడిగితే ‘టోకెన్ పడింది, ట్రెజరీలో ఉంది’ అంటారు. టోకెనంటే బిల్లు అందినట్టు ఇచ్చే నంబరే, సొమ్ము కాదు. ఈలోగా వ్యాపార అప్పు వాడుకునే సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా 90 రోజులు గాడి తప్పితే బ్యాంకు ఎన్‌పీఏ (మొండి బాకీ) ముద్ర వేస్తుంది.

ఖజానాకు ఇబ్బందులున్నాయి, బిల్లుల తనిఖీ అవసరమే. కానీ అభ్యంతరముంటే సరకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. లేకుంటే అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. నెలల తర్వాత ‘తనిఖీ కాలేదు’ అనడం చెల్లదు. అందుకే సరకు అప్పగించిన చలానాపై తేదీతో సంతకం తీసుకోవడం, బిల్లుపై ఉద్యమ్ (చిన్న పరిశ్రమగా నమోదైన) నంబరు వేయడం ఏ వ్యాపారీ మరవకూడదు.

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులోగా చెల్లించని సొమ్మును ఆ ఏడాది ఖర్చుగా చూపే వీల్లేకుండా 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) నిబంధన చేర్చి, 2023-24 నుంచి కంపెనీల మెడలు వంచారు. ఆదాయపు పన్నే కట్టని ప్రభుత్వ శాఖకు ఆ కొరడా తగలదు. బకాయిల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు, 90 రోజుల్లో తేల్చాలన్న నిబంధనా ఉంది. అయితే రేపటి ఆర్డరు ఇవ్వాల్సిన అధికారిపై ఫిర్యాదు చేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

నిధులు లేనప్పుడు టెండరు ఎందుకు పిలిచారు? గడువు మీరిన ప్రతి బిల్లుకూ చట్టబద్ధమైన వడ్డీని అడగకుండానే కలిపి చెల్లించాలి. జాప్యానికి బాధ్యుడైన అధికారి ఎవరో ఫైల్లో నమోదు చేయాలి. తాము పాటించని తేదీని చిన్న వ్యాపారిపై రుద్ది, వడ్డీతో వసూలు చేసుకోవడానికి పాలకులకు సిగ్గుండాలి.